ఆరింట అయిదు వంతుల మారియో

మే సెలవులకి మా తమ్ముడు పెళ్లాం పిల్లలతో హైదరాబాద్ నుంచి చెన్నై వచ్చాడు. వాడి కొడుక్కి తొమ్మిదేళ్లు. ఫోను తప్ప వేరే ఆట తెలియదని వాళ్లమ్మ గోల. "మనం ఆడినవి వీడికి చూపిద్దాం అన్నా" అన్నాడు తమ్ముడు. ఇద్దరం కలిసి రిచీ స్ట్రీట్‌కి పోయి ఒక గేమ్ స్టిక్ కొన్నాం. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చుకునే రకం, రెండు వైర్‌లెస్ రిమోట్లు. పెట్టె మీద పది వేల ఆటలని రాసుంది. అందులో ఒకే ఆట పేర్లు మార్చుకుని ఎన్నిసార్లు వస్తుందో మా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి మారియో పెట్టాం. తమ్ముడు తన కొడుకు చూస్తుండగా కాలరు సవరించుకుని రిమోట్ పట్టుకున్నాడు. నడిచొచ్చే మొదటి పుట్టగొడుగు దగ్గరే పోయాడు. రెండోసారీ అక్కడే. మూడోసారి దాన్ని దాటి, మొదటి గోతిలో పడ్డాడు. "ఏందన్నా ఇది, ఇంత స్పీడుగా పోతా ఉండాది?" అన్నాడు. పాట కూడా అంతే, ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మంత్రాలు పరుగెత్తించినట్టుంది. నేనూ ఆడి చూశా. ఎగరాలనిపించిన చోట ఎగిరితే అప్పటికే ఆలస్యం. చవక సరుకు, వేగం తప్పుగా పెట్టి అమ్మేస్తున్నారని ఇద్దరం తేల్చేశాం.

మర్నాడు షాపుకి తిరిగి పట్టుకెళ్లాం. కౌంటర్లో పాతికేళ్లు కూడా ఉండని కుర్రాడు. విషయం విని నవ్వాడు. "ఇదు దాన్ కరెక్ట్ స్పీడ్ సార్. నీంగ చిన్న వయసుల విళయాడునదు దాన్ స్లో" అన్నాడు. ఇదే సరైన వేగమట, మేం చిన్నప్పుడు ఆడిందే నెమ్మదట. వాపసు తప్పించుకోవడానికి కనిపెట్టిన మాట అనుకుని తమ్ముడు గొడవకి దిగాడు. ముప్పై ఏళ్ల నాడు ఆడినవాళ్లం, నువ్వా మాకు చెప్పేది అన్నట్టు. కుర్రాడు ఏమీ వాదించలేదు. ఫోనులో ఎవరో అమెరికా అతను ఆడుతున్న మారియో వీడియో తీసి మా ముందు పెట్టాడు. అదీ మా స్టిక్కులాగే పరుగెత్తుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

స్టాప్‌వాచ్ పెట్టి చూశా

అమ్మ ఉండే విల్లివాక్కం ఇంట్లో అటక మీద మా పాత గేమ్ ఇంకా ఉంది. 1995లో నాన్న బర్మా బజార్‌లో కొనిచ్చింది, మారియోని తయారుచేసిన జపాన్ కంపెనీ నింటెండో గేమ్ పెట్టెకి తైవాన్ నకలు. దాని అడాప్టర్ ఎప్పుడో చచ్చింది, కొత్తది కొన్నాను. పాత పిక్చర్ ట్యూబ్ టీవీని అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద పూలకుండీ. అన్నీ దించి, మారియో క్యాసెట్‌ని అలవాటుగా ఒకసారి ఉఫ్ అని ఊది పెట్టాను. బొమ్మ వచ్చింది.

మొదటి స్టేజీలో పైన కుడివైపు 400 నుంచి తగ్గుకుంటూ వచ్చే అంకె ఉంటుంది కదా. ఏ బటనూ నొక్కకుండా మారియోని మొదట్లోనే నిలబెడితే, అంకె సున్నాకి వచ్చాక వాడు చచ్చిపోతాడు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి అదెంతసేపో చూశా. హెచ్‌డీఎంఐ స్టిక్కులో దాదాపు 2 నిమిషాల 40 సెకన్లు. అమ్మ ఇంట్లో పాత పెట్టెలో 3 నిమిషాల 12 సెకన్లు. టీవీ తెర మీద పడే ప్రతి 24 బొమ్మలకి ఆట ఒక అంకె తగ్గిస్తుంది. సెకనుకి 60 బొమ్మలు పడితే ఒక్కో అంకెకి 0.4 సెకను, 50 పడితే 0.48 సెకను. 400తో గుణిస్తే నేను కొలిచిందే వస్తుంది, ఒకటీ అరా సెకను నా బొటనవేలి తప్పు తీసేస్తే.

అంటే రిచీ స్ట్రీట్ కుర్రాడు చెప్పిందే నిజం. మేం ఆడిన మారియో ఆరింట అయిదు వంతుల మారియో. ఆ మాటకొస్తే మన దేశంలో ఆ రోజుల్లో నకలు పెట్టె మీద ఆడిన వాళ్లందరిదీ దాదాపు అదే కథ.

ఎందుకిలా అన్నది చాలామందికి తెలిసిందే, అందుకని క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తా. పిక్చర్ ట్యూబ్ టీవీలో కిరణం పైనుంచి కిందికి గీతలు గీసుకుంటూ వచ్చి, మళ్లీ పైకి వెళ్తుంది. ఆ వెళ్లే కాస్త వ్యవధిలోనే గేమ్ పెట్టె బొమ్మని మార్చగలదు. పాతకాలపు ప్రోగ్రామర్లు ఆ వ్యవధినే గడియారం చేసుకున్నారు: కిరణం ఒకసారి పైకెళ్తే మారియో ఒక అడుగు, శత్రువు ఒక అడుగు, పాట ఒక అడుగు. అమెరికా, జపాన్ టీవీల్లో ఇది సెకనుకి 60 సార్లు (రంగు వచ్చాక కచ్చితంగా చెప్పాలంటే 59.94). మనమూ ఐరోపావాళ్లూ వాడిన పాల్ అనే పద్ధతి టీవీల్లో 50 సార్లు. తాళం వేసేవాడు నెమ్మదిస్తే పాడేవాడూ నెమ్మదించాల్సిందే.

ఇంతవరకూ పేచీ లేదు. నాకు ఒళ్లు మండేది ఆ తర్వాత వినపడే మాటకి. "మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60, ఏం చేస్తాం" అంటారు. వర్షం పడితే బట్టలు ఆరవు అన్నంత మామూలుగా అంటారు. మా ఆఫీసులో హార్డ్‌వేర్ చదివిన కుర్రాళ్లు కూడా ఇదే చెప్పారు. ఇది సాకు అని నా అభిప్రాయం. ఆటని నెమ్మది చేసింది కరెంటు అనుకుంటే, చేయాల్సిన పని చేయకుండా డబ్బాలో పెట్టి అమ్మినవాళ్లు తప్పించుకుపోతారు.

టోక్యో గోడలో ఉన్నదీ 50 హెర్ట్జే

కరెంటుకీ టీవీకీ మొదట్లో చుట్టరికం ఉన్న మాట నిజమే. తొలినాటి టీవీల్లో కరెంటు అల బొమ్మలోకి చొరబడి నల్లటి పట్టీలా కనిపించేది. టీవీ వేగం కరెంటు వేగంతో సరిపోతే ఆ పట్టీ ఒకచోట నిలబడి అంతగా కంట్లో పడదు, సరిపోకపోతే బొమ్మ మీద పాకుతూ ప్రాణం తీస్తుంది. అందుకని అమెరికా 60 ఎంచుకుంది, ఐరోపా 50. మన దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైనప్పుడే ఐరోపా లాగా 625 గీతల, 50 దారి పట్టింది. 1982 ఏషియాడ్ ఏడాది రంగులొచ్చినప్పుడు పాల్ తీసుకుంది.

కాని జపాన్ చూడండి. ఆ దేశంలో కరెంటు రెండు రకాలు. టోక్యోతో సహా తూర్పు సగం 50 హెర్ట్జ్, ఒసాకా, క్యోటో ఉన్న పడమటి సగం 60. 1890లలో టోక్యోవాళ్లు జర్మనీ ఏఈజీ జనరేటర్లు, ఒసాకావాళ్లు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ జనరేటర్లు తెచ్చుకున్నారు. ఆ తేడాని ఇంకా మోస్తున్నారు. 2011 భూకంపం తర్వాత పడమర నుంచి తూర్పుకి కరెంటు పంపాలంటే ఇదే అడ్డమైంది. అయినా టీవీ మాత్రం దేశమంతా ఒకటే, 60.

సోనిక్ అనే పరుగుల ముళ్లపంది ఆటని తయారుచేసిన సెగా టోక్యో కంపెనీ. ప్లేస్టేషన్ పుట్టిన సోనీ కూడా టోక్యోదే. గోడ ప్లగ్గులో 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న ఊళ్లో కూర్చుని వాళ్లు 60 హెర్ట్జ్ ఆటలు రాశారు, ఆ ఊరి పిల్లలు వాటిని పూర్తి వేగంతో ఆడారు. మరి మన గోడలో ఉన్న అదే 50 హెర్ట్జ్ మన మారియో కాళ్లకి ఎలా అడ్డం పడింది?

దీనికి సరైన జవాబు ఉంది, నన్ను ఇరుకున పెట్టేది కూడా: కరెంటు కాదయ్యా, టీవీ. మన ఇళ్లలో ఉన్నవి పాల్ టీవీలు, పాల్ టీవీకి పాల్ సిగ్నలే ఇవ్వాలి. ఒప్పుకుంటా. కాని పాల్ సిగ్నల్ ఇవ్వడం వేరు, ఆటని నెమ్మదిగా నడపడం వేరు. సెకనుకి 50 అడుగులే వేయాల్సి వస్తే ఒక్కో అడుగూ అయిదింట ఆరు వంతులు చేస్తే సరి, మనిషి అదే సమయానికి అదే చోటికి చేరతాడు.

చెప్పినంత సులువు కాదు, తెలుసు. అప్పటి యంత్రాల్లో అంకెలు చిన్నవి, భిన్నాలు భారం. బొమ్మకి ఒక చుక్క చొప్పున కదిలే వస్తువుని 1.2 చుక్కలు కదపమంటే మళ్లీ లెక్క రాయాలి. ఎగిరే వంపు మారుతుంది, తగిలిందా లేదా అన్న లెక్క మారుతుంది, పాట మళ్లీ కొలవాలి, అన్నీ మళ్లీ ఆడి చూడాలి. కాని చేసినవాళ్లున్నారు. నింటెండో ఐరోపాకి పంపిన అసలు సూపర్ మారియో బ్రదర్స్‌లో ఈ అంకెలన్నీ సర్దారు. అక్కడి మారియో ఒక్కో బొమ్మకి ఎక్కువ దూరం కదులుతాడు. ఆ సర్దుబాటుతో ఆట స్వభావమే కొంచెం మారింది, అందుకే వేగంగా ముగించే పోటీల్లో పాల్ మారియోని వేరుగా చూస్తారు. తర్వాత 1991లో వచ్చిన సెగా మొదటి సోనిక్‌ని మాత్రం ఐరోపాలో అలాగే వదిలేశారు. వేగమే పేరుగా పెట్టుకు తిరిగే జంతువు ఆరింట అయిదు వంతుల వేగంతో, పైనా కిందా నల్లపట్టీల మధ్య నొక్కుకుపోయి పరుగెత్తింది. పాల్ బొమ్మలో గీతలు ఎక్కువ, ఆ అదనపు గీతలు నింపే ఓపిక లేక వదిలేస్తే వచ్చినవే ఆ పట్టీలు.

బాబాయి హార్మోనియం

ఇక్కడ కొంచెం పక్కదారి పడతా. మా బాబాయికి హార్మోనియం పిచ్చి. గూడూరు నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని సినిమా పాటలకి వాయించబోయేవాడు. ఇంటి దగ్గర కేసెట్‌తో పట్టిన శ్రుతి టీవీలో కలిసేది కాదు. ఈ మెట్టుకీ కలవదు, పై మెట్టుకీ కలవదు. హార్మోనియం పాడైందని ఒకసారి రిపేరుకి కూడా ఇచ్చాడు, పాపం.

పాడైంది హార్మోనియం కాదని ఇప్పుడు తెలుసు. సినిమా సెకనుకి 24 బొమ్మలు, పాల్ టీవీ 25 జతలు. ఆ ఒక్క బొమ్మ తేడా సర్దే శ్రమ లేకుండా సినిమానే కాస్త వేగంగా తిప్పి టీవీలో వేసేవారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది. మధ్యలో ప్రకటనలుండగా ఎవరు కనిపెట్టగలరు? శ్రుతి మాత్రం ఒక మెట్టులో ముప్పావు వంతుకి కాస్త తక్కువగా పైకి లేచేది, రెండు మెట్ల మధ్య ఎక్కడో. కేసెట్ ప్లేయర్లేమీ సత్యహరిశ్చంద్రులు కావు కాబట్టి నేరమంతా టీవీదే అనలేను. కాని ఒకే టీవీలో సినిమా నూటికి నాలుగు వంతులు వేగంగా, ఆట నూటికి పదహారు వంతులకి పైగా నెమ్మదిగా నడిచాయి. మేం రెండింటినీ సరైనవే అనుకుని పెరిగాం.

బాబాయి కథ చెప్పింది ఊరికే కాదు. మా నకలు పెట్టెలో మారియో పాట తాళం నెమ్మదించింది కాని శ్రుతి దాదాపు దిగలేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమైంది ఇదే. స్వరం ఎంత పైన ఉండాలో నిర్ణయించేది పెట్టెలోని ప్రాసెసర్ గడియారం, తాళం ఎంత వేగమో నిర్ణయించేది టీవీ బొమ్మల లెక్క. అసలు నింటెండో అమెరికా, జపాన్ పెట్టెలో ఆ గడియారం 1.79 మెగాహెర్ట్జ్. ఐరోపా పెట్టెలో 1.66. అంటే జపాన్ క్యాసెట్ ఐరోపా పెట్టెలో ఆడితే తాళమూ తగ్గుతుంది, గొంతూ ఒక మెట్టు కన్నా ఎక్కువ దిగిపోతుంది. తైవాన్ నకలు చిప్పులు చేసినవాళ్లు మాత్రం పాల్ టీవీకి బొమ్మ ఇస్తూనే గడియారాన్ని 1.77 దగ్గర పెట్టారు. కిరణం పైకెళ్లే సంకేతాన్ని కూడా జపాన్ క్యాసెట్లు ఎదురుచూసే లెక్కకి సరిపోయేలా జరిపారు. వాళ్లేమీ కళాసేవ చేయలేదు, జపాన్ ఆటల దొంగ కాపీలు పాల్ టీవీల్లో గందరగోళం లేకుండా నడవాలి, అంతే. కాని నడవాలనుకున్నారు కాబట్టి తలకాయ పెట్టారు. బర్మా బజార్ తోపుడు బల్ల మీదికి వచ్చే సరుకు కోసం దొంగ కాపీవాడు పడ్డ శ్రమ, పూర్తి ధర తీసుకున్న పెద్ద కంపెనీల్లో చాలామంది పడలేదు.

రంగా, వేగమా

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే సంఘటన చెప్పాలి, చెప్పకపోతే దొంగతనం అవుతుంది.

ఐసీఎఫ్ క్వార్టర్స్‌లో నా స్నేహితుడొకడికి వాళ్ల మామ దుబాయ్ నుంచి ప్లేస్టేషన్ తెచ్చాడు. గల్ఫ్ సరుకు కాబట్టి పాల్ పెట్టె. బర్మా బజార్‌లో దానికి చిప్ వేయించారు, ఇక ఏ దేశం డిస్కు పెట్టినా ఆడుతుంది. టెక్కెన్ 3 అనే కొట్లాట ఆట డిస్కులు రెండున్నాయి వాడి దగ్గర. ఒకటి పెడితే చక్కగా రంగుల్లో వచ్చేది. రెండోది పెడితే నలుపు తెలుపు. అమ్మినవాడు అది అమెరికా డిస్కని చెప్పాడట. నలుపు తెలుపుదాన్ని పనికిరానిదని పక్కన పడేశాం. గీతలు పడి రంగుల డిస్కు మొరాయించినప్పుడు మాత్రం తప్పక అదే పెట్టేవాళ్లం. "ఇదేందిరా, దీంట్లో అందరూ తొందరపడతా ఉండారు" అని నవ్వుకునేవాళ్లం.

అమెరికా డిస్కు 60తో నడిచేది, మన పాల్ టీవీ బొమ్మని పట్టుకోగలిగింది గాని రంగుని విప్పలేకపోయింది. పూర్తి వేగం ఉన్న ఆట మా చేతిలోనే ఉండేది. దాన్ని వద్దనుకుని నెమ్మదిగా ఉన్న రంగుల ఆటని మేమే ఎంచుకున్నాం. రోజూ. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ రోజుల్లో ఐరోపా కంపెనీలు ఇదే మాట చెప్పి ఉండొచ్చు: జనం ఇళ్లలో ఉన్న టీవీకి 60 ఇస్తే కొందరికి బొమ్మ దొర్లుతుంది, కొందరికి రంగు పోతుంది, షాపుకి వాపసు తెస్తారు. నిరుడు దాకా నేను దీన్ని తీసిపారేసేవాణ్ణి. వేగంగా ఉందని గేమ్ స్టిక్‌ని రిచీ స్ట్రీట్‌కి వాపసు పట్టుకెళ్లిన మనిషిగా ఇప్పుడు తీసిపారేయలేను.

కాని ఆ కథకి రెండో సగం ఉంది. అదే క్వార్టర్స్‌లో ఇంకొకళ్ల ఇంట్లో గల్ఫ్ నుంచి వచ్చిన మల్టీసిస్టమ్ టీవీ ఉండేది, పాల్ గీల్ అని చూడకుండా ఏదిచ్చినా రంగుల్లో చూపించేది. ఒక ఆదివారం ప్లేస్టేషన్‌ని సంచీలో పెట్టుకుని అక్కడికి పోయాం. ఆ ఇంటి అబ్బాయి అమెరికా డిస్కే పెట్టాడు, వాళ్లకి అలవాటైందదే. రంగులూ ఉన్నాయి, వేగమూ ఉంది. వరసగా మా అయిదుగురినీ చితక్కొట్టాడు. మా దెబ్బ చేయి లేచేలోపే వాడి కాలు మా మొహం మీద ఉండేది. వాడు గొప్పగా ఆడతాడనుకుని తిరిగొచ్చాం. గొప్పగానే ఆడాడేమో. కాని మేం ఆరింట అయిదు వంతుల టెక్కెన్‌లో సాధన చేసి పూర్తి టెక్కెన్ ఆడేవాడితో పందేనికి పోయామని ఎవరికి తెలుసు?

సింగపూర్, మలేషియాలని చూసినా ఇదే తెలుస్తుంది. ఆ దేశాల టీవీలూ పాలే, కరెంటూ 50 హెర్ట్జే. కాని ప్లేస్టేషన్ విషయంలో వాళ్లని జపాన్ జట్టులో వేశారు, కాబట్టి అక్కడి పిల్లలకి 60 ఆటలు దొరికాయి. మనల్ని ఐరోపా జట్టులో వేశారు. మన గురించి ఆలోచించి వేశారని కూడా అనుకోను. పంక్తి భోజనంలో చివర కూర్చున్నవాడికి మిగిలిందే వడ్డించినట్టు, అక్కడేది వస్తే ఇక్కడా అదే.

సాకు అరిగిపోయాక

1999లో ఐరోపాకి వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్‌లో చాలా ఆటలు మొదట్లోనే అడిగేవి: 50 కావాలా, 60 కావాలా? అప్పటికి అక్కడి కొత్త టీవీలు చాలావరకు 60ని తట్టుకునేవి. ఒక్క మెనూ, రెండు బటన్లు. టీవీ తట్టుకోలేకపోతే 50 నొక్కుకోండి, తట్టుకుంటే 60. ఇరవై ఏళ్ల తగువు అక్కడితో తీరాలి. తీరలేదు. 2002లో ఐరోపాకి వచ్చిన ఫైనల్ ఫాంటసీ 10 అనే ఆట నల్లపట్టీలతో, నెమ్మదిగానే వచ్చింది.

అదైనా పిక్చర్ ట్యూబుల కాలం. 2018 డిసెంబరులో సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ అనే చిన్న పెట్టె తెచ్చింది, పాత ఆటలు 20 లోపల పెట్టి, హెచ్‌డీఎంఐతో. ఆ టీవీలకి 50, 60 గొడవే లేదు. అయినా 20లో 9 ఆటలు పాల్ వెర్షన్లు. టెక్కెన్ 3 కూడా వాటిలో ఒకటి. అమెరికాలో అమ్మిన పెట్టెలోనూ అవే! సెకనుకి 50 బొమ్మల ఆటని 60 తెర మీద వేస్తే ప్రతి అయిదు బొమ్మలకీ ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి, కదలిక కుదుపులు కుదుపులుగా ఉంటుంది. ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం రాలేదు. మా నలుపు తెలుపు డిస్కు అమెరికావాళ్లకి పంపిస్తే బాగుండు అనిపించింది.

2022లో ఇంకా విచిత్రం. ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా సేవ కొత్త ప్యాకేజీలు ముందు ఆసియాలో మొదలయ్యాయి, అందులో మొదటి ప్లేస్టేషన్ ఆటలు చాలావాటికి పాల్ వెర్షన్లు పెట్టారు. అంటే చిన్నప్పుడు 60తో ఆడిన సింగపూర్‌వాళ్లకి పెద్దయ్యాక డబ్బు తీసుకుని 50 ఇచ్చారు. గోల లేచాక 60 వెర్షన్లు కూడా ఇస్తామని ప్రకటించారు. ఈసారి సాకుకి కరెంటూ లేదు, టీవీ కూడా లేదు. అరలో ముందు చేతికి ఏది తగిలితే అది పెట్టారేమో అని నా అనుమానం. ఐరోపా వెర్షన్లో అయితే అయిదారు భాషలు ఒకే డిస్కులో ఉంటాయి కదా, అదీ ఒక సౌకర్యమే అని ఎవరైనా అంటే కాదనలేను. ఆ సౌకర్యం ఆడేవాడిది కాదు.

మా చేతుల సంగతి

ఇంత రాసి కూడా ఒకచోట తడబడుతున్నా. కంపెనీలని తిట్టడం సులువు. కాని 50 వెర్షన్ అంతా చెత్త, చరిత్రలోంచి తీసేయాలి అనేవాళ్లతో నేను నిలబడలేకపోతున్నా.

మొదటిది, 50 అంటేనే నెమ్మది అన్న లెక్క కూడా తప్పు. ఐరోపాలోనే కొమడోర్ 64, అమీగా అనే పాత ఇంటి కంప్యూటర్ల కోసం రాసిన ఆటలకి 50యే పుట్టిల్లు. వాటిని అమెరికా యంత్రంలో వేస్తే అక్కడ పాట తొందరపడుతుంది, ఆట జారిపోతుంది. అక్కడ సరైన ప్రతి పాల్‌దే. ఏది అసలు అన్నది ఆట ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

రెండోది మా చేతుల సంగతి. 60లో ఒక్కో బొమ్మకి 16.67 మిల్లీసెకన్లు, 50లో 20. తమ్ముడి బొటనవేలు ఆ 20 మీద పెరిగింది. వాడు మొదటి పుట్టగొడుగు దగ్గర రెండుసార్లు చచ్చాడంటే ఆట మర్చిపోయి కాదు, ఎప్పుడు ఎగరాలో మరీ బాగా గుర్తుండి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా వేలికి అంత కచ్చితంగా గుర్తుండటం చూస్తే, దాన్ని తప్పుడు జ్ఞాపకం అనబుద్ధి కావడం లేదు. డిజైనర్ అనుకున్న ఆట అది కాదు, నిజం. కాని మేం నేర్చుకున్న ఆట అదే. చిన్నప్పుడు నెమ్మదిగా ఉండబట్టే కాంట్రా అనే ఆటలో చివరిదాకా వెళ్లగలిగామేమో అన్న అనుమానం కూడా ఒకటి పట్టుకుంది, దాన్ని తమ్ముడితో ఇంకా చెప్పలేదు.

అందుకని నేను అడిగేది చిన్నది. పాత ఆట అమ్మితే రెండూ ఇవ్వండి, ఏది ఏదో డబ్బా మీద రాయండి. పాత గేమ్ పెట్టెల్ని కంప్యూటర్లో అనుకరించేలా అభిమానులు ఊరికే చేసిపెట్టిన ఎమ్యులేటర్లలో ఇది ఎప్పటినుంచో ఉంది. కొన్నింటి మెనూలో మూడు పేర్లుంటాయి: ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ. ఎన్‌టీఎస్‌సీ అంటే అమెరికా, జపాన్ పద్ధతి. డెండీ అంటే రష్యాలో అమ్మిన నింటెండో నకలు, మా బర్మా బజార్ పెట్టె లాంటిదే. 1.77 మెగాహెర్ట్జ్ గడియారంతో, దిగని శ్రుతితో, నెమ్మది తాళంతో మా మారియో అక్కడ భద్రంగా ఉన్నాడు. అసలు కంపెనీవాళ్లకి వాడు పుట్టినట్టే తెలియదు.

తమ్ముడు ఊరికి బయల్దేరే ముందురోజు అందరం అమ్మ ఇంటికి వెళ్లాం. పాత టీవీ పెట్టాం. తమ్ముడు మొదటి నాలుగు స్టేజీలు ఒక్క ప్రాణం పోకుండా దాటాడు, చివర్లో కాలరు కూడా సవరించుకున్నాడు. తర్వాత రిమోట్ కొడుక్కిచ్చాడు. వారం రోజులుగా స్టిక్కులో 60 మీద చేయి తిరిగినవాడు, ప్రతిచోటా ముందే ఎగిరి గోతుల్లో పడుతున్నాడు. నాలుగోసారి పడ్డాక రిమోట్‌ని తిప్పి వెనక్కి చూసి అడిగాడు: "పెదనాన్నా, దీనికి ఛార్జింగ్ అయిపోతోందా?"